ఆటిజం ఉన్న బాబును బడి చేర్చుకోనంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు వచ్చే జూన్‌కు ఆరేళ్లు నిండుతాయి. మూడేళ్లప్పుడు ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. మాటలు తక్కువే అయినా చెప్పింది అర్థమవుతుంది, అక్షరాలు, అంకెలు వచ్చు. దగ్గర్లోని ప్రైవేటు పాఠశాలలో ఒకటో తరగతికి దరఖాస్తు చేస్తే, పిల్లవాణ్ని ఒకసారి చూడాలని పిలిపించారు. ఆ గదిలో ఫ్యాను చప్పుడుకు వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరాడు. ‘మా బడి ఇలాంటి పిల్లలకు సరిపోదు, స్పెషల్ స్కూల్లో వేయండి’ అన్నారు ప్రిన్సిపల్. బతిమాలితే, మా ఖర్చుతో తోడు టీచర్‌ను పెట్టుకోవాలని, ఇబ్బంది వస్తే మేమే టీసీ తీసుకుంటామని హామీపత్రం రాసివ్వాలని చెప్పారు. ఇవన్నీ నోటిమాటలే. సంతకం చేయమంటారా? బంధువులేమో ఇంకో బడిలో ఆటిజం సంగతి చెప్పకుండా చేర్పించమంటున్నారు.
– ఒక తల్లి

జవాబు: సంతకం చేయకండి. ఆటిజం సంగతి దాచనూ వద్దు. మీ బాబుకు చట్టం ఇచ్చింది ఒక్క సీటే కాదమ్మా, ఆ బడిలో నిలదొక్కుకోవడానికి కావలసిన వెసులుబాట్లు కూడా. హామీపత్రం వాటిని మీ చేతే వదిలేయిస్తుంది. విషయం దాస్తే వాటిని అడిగే దారే ఉండదు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులు పొందే బడులతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నీ వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకునేలా, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి వెసులుబాట్లు కల్పించేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతోంది. ‘అందులో ప్రభుత్వం కృషి చేయాలని మాత్రమే ఉంది, ప్రైవేటు బడిని కట్టడి చేయదు’ అన్న వాదన మీకు ఎదురుకావచ్చు. దానికి జవాబు 2, 3 సెక్షన్లలో ఉంది. వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని 3వ సెక్షన్ అంటుంది. తగిన వెసులుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని 2వ సెక్షన్‌లోని నిర్వచనం. ఎవరికి ఏ వెసులుబాటు కావాలో వారి పరిస్థితిని విడిగా పరిశీలించి, వారితో మాట్లాడి తేల్చాలని 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ బాబు విషయంలో ఆ పరిశీలన జరగనే లేదు. చెవులు మూసుకోవడం అనర్హత కాదు. ఆ ఫ్యాను ఆపి, కాసేపు ఆగి చూద్దామని ఆ గదిలో ఎవరికీ తోచకపోవడమే నాకు బాధ కలిగిస్తోంది.

అసలు పిల్లవాణ్ని ‘చూసి’ సీటు సంగతి తేల్చడమే తప్పు. చేర్చుకునేటప్పుడు పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షించి ఏరుకోవడాన్ని విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటి ఉల్లంఘనకు 25 వేల రూపాయల వరకు, తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంటుంది. అయితే ఈ చట్టం ప్రధానంగా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది, మీ బాబు సరిగ్గా ఆ గడప మీద ఉన్నాడు. అందుకని దరఖాస్తులో పుట్టిన తేదీతో పాటు ఆరేళ్లు నిండే తేదీని కూడా స్పష్టంగా రాయండి. అది మైనారిటీ యాజమాన్యంలోని బడి అయితే, 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణంగా విద్యా హక్కు చట్టం మీద ఆధారపడలేరు. అప్పుడు దివ్యాంగుల చట్టమే మీకు ఆధారం. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల తల్లిదండ్రులు కూడా ముందు దాన్నే పట్టుకోవాలి, 16వ సెక్షన్‌లో వయసు పరిమితి లేదు.

స్పెషల్ స్కూలు సలహా సంగతి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఉంది. అది ఇంటి దగ్గరి సాధారణ బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్న ఎంపిక పిల్లలదేనని దివ్యాంగుల చట్టం 31వ సెక్షన్ అంటుంది. పిల్లల తరఫున మాట్లాడేది మీరు, ప్రిన్సిపల్ కాదు. వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే దరఖాస్తు చేయండి. అవి చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆ చట్టం 16వ సెక్షన్ కింద వెసులుబాట్లు అడగడానికి 40 శాతం షరతు లేదు, డాక్టర్ ఇచ్చిన నివేదికతో మొదలుపెట్టవచ్చు.

ఇక హామీపత్రం. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసేయకూడదని విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఉద్దేశాన్ని దెబ్బతీసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అంటుంది. కాబట్టి ఆ కాగితం కోర్టులో నిలవడం కష్టం. అయినా సంతకం వద్దంటున్నాను. చెల్లని కాగితాన్నే చూపించి రేపు మిమ్మల్ని బెదిరిస్తారు, మీరూ భయపడతారు.

తోడు టీచర్ విషయంలో మీకు పూర్తి ఊరట ఇవ్వలేను. ఆ జీతం బడే భరించాలని చట్టంలో నేరుగా ఎక్కడా లేదు. అవతలివారిపై మోయలేని భారం పడకుండా చేయగల మార్పులనే చట్టం తగిన వెసులుబాటు అంటుంది, కాబట్టి ఒక్క పిల్లవాడి కోసం పూర్తికాలం ఒక మనిషి అన్నప్పుడు బడి ఆ మాట ఎత్తుతుంది. కానీ తోడు టీచర్ ఉంటేనే సీటు అని ముందే షరతు పెట్టడం వేరు. వాడికి ఆ అవసరం ఉందో లేదో తరగతిలో కూర్చోకుండా ఎవరు తేల్చారు? సాధారణ బడుల్లో స్పెషల్ ఎడ్యుకేటర్లు, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే శిక్షణ పొందిన టీచర్లు ఉండాలని రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ బడిలో ఉన్నారా అని రాతపూర్వకంగా అడగండి.

నా అనుభవంలో తల్లిదండ్రులు సీటు కోసం ఎంతైనా పోరాడతారు, సీటు దొరికాక మొదటి నెల ఎలా గడవాలో మాత్రం కాగితం మీద పెట్టరు. పిల్లలు బడికి దూరమయ్యేది అక్కడే. అందుకే ప్రిన్సిపల్‌కు ఈ వారమే ఒక లేఖ రాయండి. ‘ఫలానా తేదీన మా బాబును చూసి, ఆటిజం కారణంగా చేర్చుకోలేమని మౌఖికంగా చెప్పారు. దివ్యాంగుల హక్కుల చట్టం 3, 16 సెక్షన్ల ప్రకారం ప్రవేశం కల్పించి, కింది వెసులుబాట్లు ఇవ్వాలని కోరుతున్నాం. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపండి’ అని మొదలుపెట్టండి.

వెసులుబాట్లు ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది. ‘శ్రద్ధ చూపండి’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. బడి తెరవకముందే, పిల్లలు లేని వేళ, రెండు మూడుసార్లు తరగతి గది, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు వాడికి చూపించాలి. టీచర్‌ను ముందే పరిచయం చేయాలి. వాడి చోటు ఫ్యానుకూ గంట మోగే వరండాకూ దూరంగా ఉండాలి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోనివ్వాలి. ఆ రోజు ఏది తర్వాత ఏదో బొమ్మలతో బల్ల మీద అంటించాలి. మరుగుదొడ్డికి వెళ్లాలన్నప్పుడు మాటకు బదులు కార్డు చూపిస్తే సరిపోవాలి. ఉక్కిరిబిక్కిరైనప్పుడు కాసేపు కూర్చునేందుకు ఒక ప్రశాంతమైన మూల ఉండాలి, అది శిక్ష కాకూడదు. వీటిలో ఏదీ బడికి మోయలేని భారం కాదు. వాడికి థెరపీ ఇస్తున్నవారితో కూర్చుని రాస్తే లేఖకు బలం పెరుగుతుంది.

మొదటి వారాల్లో సగం పూటే ఉంచితే నయమని మీకు అనిపించవచ్చు. అడగండి, కానీ పూర్తి పూటకు మారే తేదీ కూడా అందులోనే రాయండి. తేదీ లేని సగం పూట ఏడాదంతా సాగుతుంది. ‘ఏడుస్తున్నాడు, వచ్చి తీసుకెళ్లండి’ అని ఫోన్ వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, చెప్పిన కారణం ఒక పుస్తకంలో రాసుకోండి. కాగితం లేకుండా బడి నుంచి పంపేయడం ఇలాగే జరుగుతుంది, రేపు మీకు సాక్ష్యం ఆ పుస్తకమే.

లేఖ నేరుగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పది రోజుల్లో జవాబు రాకపోతే నకళ్లతో సహా మండల విద్యాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు చేయండి. విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో ఫిర్యాదును తేల్చాలి, ఆపైన బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంటుంది. అదే సమయంలో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ రాయండి. విచారణలో సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి విషయాల్లో ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలుంటాయి. ఇచ్చేది సిఫారసే అయినా, నోటీసు అందగానే చాలా బడులు దిగివస్తాయి. ప్రవేశాల గడువు ముంచుకొస్తుంటే, ఫిర్యాదుపై విద్యాశాఖ కదలడం లేదని రాజ్యాంగంలోని 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ఒకవేళ ఆ బడి వాతావరణమే మీకు నచ్చకపోతే వదిలేసే స్వేచ్ఛ మీకు ఎప్పుడూ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి. ప్రభుత్వ బడిలో చేర్చాలనుకుంటే ముందుగా అక్కడి రిసోర్స్ టీచర్‌ను కలవండి.

ఖర్చుకు భయపడి ఆగకండి. పిల్లలకు, దివ్యాంగులకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని కేటాయిస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. వెళ్లేటప్పుడు డాక్టర్ నివేదిక, బాబు జనన ధ్రువపత్రం, బడికి రాసిన లేఖ నకలు, స్పీడ్ పోస్టు రసీదు తీసుకెళ్లండి.