ఐదో నెలలో హెపటైటిస్ సి అని తేలితే: హైదరాబాద్ నుంచి మందు తెప్పించుకోవచ్చా?

చెల్లీ, ఐదో నెల కడుపుతో ఉండగా హెపటైటిస్ సి, అంటే లివర్‌ను పాడుచేసే వైరస్, ఉందని తేలిందని, ఇక్కడ అమెరికాలో దాని మందు ఖరీదు భరించలేం కాబట్టి హైదరాబాద్ నుంచి తెప్పించి ఇప్పుడే మొదలుపెట్టనా అని అడిగావు. వద్దు. నేనూ ఒకప్పుడు సరిగ్గా అదే చేయబోయాను.

2015లో న్యూజెర్సీకి కొత్తగా వచ్చాను, కడుపుతో ఉన్నాను. గర్భిణులందరికీ హెపటైటిస్ సి పరీక్ష చేయాలని సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, చెప్పింది 2020లో. నా రోజుల్లో అనుమానం ఉంటేనే రాసేవారు. చిన్నప్పుడు, 1994లో, కాలు విరిగి ఆపరేషన్ చేసినప్పుడు రక్తం ఎక్కించారని చెబితే రాశారు. యాంటీబాడీ, అంటే వైరస్ ఎప్పుడైనా సోకిందని చెప్పే గుర్తు, పాజిటివ్ వచ్చింది. వైరస్ నిజంగా ఒంట్లో ఉందో, ఎప్పుడో వచ్చి పోయిందో తేలాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష (రక్తంలో వైరస్‌నే వెతికేది) చేయాలన్నారు. దానికెంత అవుతుందో అని ఆరు వారాలు వెళ్లలేదు. మొదటి పరీక్షల తాలూకు కాగితం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పోస్టులో వస్తే అందులోని అంకె చూసి ఏడ్చాను. అది బిల్లు కాదని దాని మీదే రాసి ఉంది, నేను చదవలేదు. చివరికి వెళ్తే వైరస్ ఉందనే తేలింది.

అప్పట్లో అమెరికాలో ఈ వైరస్‌కు వాడే సోఫాస్‌బువిర్ మాత్రల 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి. అదే ఏడాది హైదరాబాద్ కంపెనీ నాట్కో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు తెచ్చింది. అన్నయ్య ఒక సీసా కొని, తెలిసినవాళ్ల చేత పంపాడు. ఒక రాత్రి మా వారు పడుకున్నాక వంటింట్లో సీలు చింపి, మాత్ర అరచేతిలో వేసుకున్నాను. మంచినీళ్లు తాగబోతూ ఎందుకో లోపలి కాగితం విప్పాను. దీన్ని రిబావిరిన్ అనే మరో మందుతో కలిపి వాడేటప్పుడు గర్భిణులు వాడకూడదని ఉంది. నా చేతిలో రిబావిరిన్ లేదు, అయినా చెయ్యి వణికింది. మాత్ర తిరిగి సీసాలో వేసి, మర్నాడు దాన్ని డాక్టర్ ముందు పెట్టాను.

ఆవిడ కోప్పడలేదు. రిబావిరిన్ బిడ్డకు హాని చేస్తుందని, అది వాడాక కూడా నెలల తరబడి గర్భం రాకుండా చూసుకోవాలని, భర్త వాడినా ఇదే జాగ్రత్త అని చెప్పింది. మిగతా మాత్రలు హాని చేస్తాయని కాదు, గర్భంలో భద్రమని చెప్పడానికి చాలినంత అనుభవం లేదంది. వైరస్ ఉన్న తల్లులు వందమంది ఉంటే ఐదారుగురి బిడ్డలకే వస్తుందట. దీనికోసమే సిజేరియన్ అక్కర్లేదు. చనుమొన పగిలి రక్తం రాకపోతే పాలూ ఇవ్వచ్చు. ఒళ్లంతా, ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు దురద పెడితే మాత్రం వెంటనే ఫోన్ చేయమంది. నువ్వూ చెయ్యి.

ఇప్పుడు రిబావిరిన్ లేకుండానే 8 నుంచి 12 వారాల్లో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. పిట్స్‌బర్గ్‌లో తొమ్మిదిమంది గర్భిణులకు ఐదారు నెలల మధ్య లెడిపాస్‌విర్, సోఫాస్‌బువిర్ అనే రెండు మందులు కలిపి మొదలుపెట్టి చూశారు, ఫలితం బాగుంది. కానీ తొమ్మిదిమందే. అందుకే కాన్పయ్యాక వాడటమే ఇప్పటికీ మామూలు పద్ధతి. నీ లివర్ డాక్టరే ఇప్పుడు వాడదామంటే భయపడకుండా కూర్చుని మాట్లాడు. ఆవిడ పర్యవేక్షణలో వాడటం వేరు, సూట్‌కేసులో వచ్చిన సీసా వేరు.

ఇక డబ్బు సంగతి. కొత్తగా వచ్చిన మీరంతా మందు ధర చూసి హడలిపోతారు గానీ ఇన్సూరెన్స్ కాగితం తెరవరు. నేనూ తెరవలేదు. పాప 2016 ఫిబ్రవరిలో పుట్టింది. ఆ ఏడాదికి మా చేతి నుంచి కట్టాల్సిన గరిష్ఠ మొత్తం కాన్పుతోనే నిండిపోయింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటే డిసెంబర్ దాకా మాత్రలు దాదాపు ఉచితం. నేను అడగనే లేదు. అక్టోబర్‌లో పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్లి, పాలు మాన్పించి, అక్కడి డాక్టర్ దగ్గర సోఫాస్‌బువిర్, దానికి జతగా డాక్లాటాస్‌విర్ అనే మాత్ర మూడు నెలలు వాడాను. మందులకు లక్షలోపే అయింది, టికెట్లకు అంతకంటే ఎక్కువైంది. నయమైంది, ఆ గర్వం నాకుంది. కానీ మా వారు మూడు నెలలు పాపను ఫోన్లోనే చూసుకున్నారు.

నువ్వలా చేయకు. నీ ఇన్సూరెన్స్ ప్లాన్ ఏడాది జనవరిలో మళ్లీ మొదలయ్యేదైతే, కాన్పు, మందు ఒకే ఏడాదిలో పడేలా చూడు. మందుకు ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతికి వారాలు పట్టొచ్చు కాబట్టి తొమ్మిదో నెలలోనే కాగితాలు కదపమని డాక్టర్‌కి చెప్పు. కాన్పయ్యాక ఆర్‌ఎన్‌ఏ మళ్లీ చేయించు, కొందరికి వైరస్ దానంతటదే పోతుంది. మందు వాడేటప్పుడు పాల సంగతి డాక్టర్‌నే అడుగు. బిడ్డను 30 రోజుల్లోగా ఇన్సూరెన్స్‌లో చేర్పించు, రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయిస్తారు. మా పాపకు పద్దెనిమిదో నెల దాకా ఆగాల్సి వచ్చింది. నెగటివ్ అని ఫోన్ వచ్చినప్పుడు నేను సరుకుల కొట్లో లైన్లో ఉన్నాను, బుట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను.

కాన్పు తేదీ, ప్లాన్ ఏ నెలలో మొదలవుతుందో, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేలోపు మన చేతి నుంచి పెట్టాల్సిన మొత్తం) ఎంతో రాసి పంపు. లెక్క నేను వేసిపెడతాను.