గౌరవమా, దండగా?

ప్రశ్న: ఒలింపిక్స్, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ లాంటివి వర్ధమాన దేశాలకు దండగమారి ఖర్చు అంటారు మా నాన్నగారు. దేశానికి గౌరవం కదా అంటాను నేను. మీరు ఎవరి పక్షం?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముప్పాతిక వంతు మీ నాన్నగారి పక్షమేనమ్మా.

2014 ప్రపంచ కప్ కోసం బ్రెజిల్ 12 నగరాల్లో స్టేడియాలు సిద్ధం చేసింది. అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనౌస్‌లో కట్టిన దానిలో జరిగినవి నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. రాజధాని బ్రెసీలియాలో సుమారు 70 వేల మంది కూర్చునే స్టేడియం లేచింది. అంతమందిని రప్పించగల పెద్ద క్లబ్బు ఆ ఊళ్లో లేదని కట్టకముందే అందరికీ తెలుసు. కప్పు ముగిసిన మరుసటి ఏడాదే దాని ఆవరణలో సిటీ బస్సులు నిలుపుకున్నారు. పోటీలకు ముందే, 2013లో, బస్సు ఛార్జీల పెంపుపై మొదలైన నిరసనల్లో జనం ‘ఫిఫా ప్రమాణాల ఆసుపత్రులు కావాలి’ అని అట్టలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే దేశంలో! పైగా టీవీ హక్కుల సొమ్ము ఫిఫాది, స్టేడియాల అప్పు ఆతిథ్య దేశానిది. పెళ్లి మనది, కట్నాలు చదివించింది పక్కింటికి.

అయినా ‘దండగ’ అనే మాటను అన్నిటికీ అంటగట్టను. 1986 ప్రపంచ కప్ నిజానికి కొలంబియాకు దక్కింది. స్వదేశంలో చేయాల్సిన పనులు చాలా ఉన్నాయంటూ అధ్యక్షుడు బెలిసారియో బెతాంకుర్ 1982లో దాన్ని వదులుకున్నారు. అంత ధైర్యం ఏ నాయకుడికి ఉంటుంది చెప్పండి? ఆ అవకాశం అందుకున్న మెక్సికో కూడా సంపన్న దేశమేమీ కాదు. కాకపోతే 1970లో ఒకసారి నిర్వహించిన అనుభవం ఉంది, అప్పటి స్టేడియాలున్నాయి. 1985 సెప్టెంబరులో భూకంపం మెక్సికో నగరాన్ని కుదిపేసి వేలమందిని బలిగొన్నా, మరుసటి వేసవిలో పోటీలు జరిగాయి. పీలే 1970లో, మారడోనా 1986లో ప్రపంచ కప్ గెలిచింది అదే అజ్‌టెకా స్టేడియంలో. దాన్ని 1966లోనే ప్రారంభించారు.

ఉన్నవాటితో నిర్వహించగలిగితే పిలవండి. పోటీల కోసమే కొత్తవి కట్టాలంటే, ఆ తర్వాత వాటిలో ఎవరు ఆడతారో ముందే తేల్చుకోండి. నేను కలిపే షరతు ఇదొక్కటే.

ఈసారి వాదనకు దిగినప్పుడు మెక్సికోను ముందు పెట్టండి. మీ నాన్నగారు కొలంబియాను తెచ్చి అడ్డం వేస్తే మాత్రం నన్ను సాయానికి పిలవకండి.