షూ టకుమి మీద రాస్తా ఉండే తమ్ముడికి

తమ్ముడూ,

జపాన్‌లో వీడియో గేమ్‌లు తయారుచేసే షూ టకుమి మీద నువ్వు రాసి పంపించిన వ్యాసం చదివినా. టకుమి అంటే నీకెంత పిచ్చో తెలిసింది గానీ ఆయన ఏం చేసినాడో మాత్రం సరిగ్గా తెలీలేదు. లైనుకోసారి అండర్‌రేటెడ్, పేరాకోసారి లెజెండ్. మన తిరపతిలో ఆయన పేరు విన్నోళ్ళు ఎంతమంది ఉంటారబ్బా, ముందే గుర్తింపు రాలేదని ఏడిస్తే ఎవురాయన అనుకోని పక్కకి పోతారు. ఇంకోటి, ఆయన చేసిన లాయర్ గేమ్ ఏస్ అటార్నీ తెలిసినోళ్ళు ప్రపంచంలో బోలెడుమంది, దాన్ని పుట్టించినాయన పేరు తెలిసినోళ్ళే తక్కువ, నువ్వు ఈ రెండూ కలిపేసినావు.

1994లో క్యాప్‌కామ్ అనే గేమ్ కంపెనీలో చేరడం, 2000లో డైనోసార్లని కాల్చే గేమ్ డైనో క్రైసిస్ 2 డైరెక్ట్ చేయడం, దీనికి రెండు పేజీలు ఎందుకు, రెండు లైన్లు చాలు. అసలు సరుకు ఆ తర్వాత గదా ఉండేది. పైనుండే బాస్ షింజి మికామి ఆర్నెల్లు టైమిచ్చి నీకిష్టమైన గేమ్ చేసుకోపో అన్నాడు, చేతికిందేమో ఏడుగురే, అంత చిన్న టీముతో డైనోసార్లూ తుపాకులూ ఎక్కడ అవుతాయి, అందుకే కాసిన్ని బొమ్మలు పెట్టుకోని మిగతాదంతా మాటల మీదే నడిపించినాడు. అట్లా 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకోని ఆడే మిషన్‌కి వచ్చింది ఏస్ అటార్నీ. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినావు సామీ!

మొదటి కేసే తీసుకో. హంతకుడెవురో మొదట్లోనే చూపించేస్తాడు. మామూలుగా డిటెక్టివ్ కథల్లో చివరిదాకా దాచేదాన్ని ముందే బయట పెట్టేస్తే ఇంక ఆట ఏముంది అంటే, సాక్షి చెప్పే అబద్ధంలో ఉంది. వాడు ఒక్కో వాక్యం చెప్తా పోతాడు, నీ దగ్గరుండే ఆధారాల్లో ఏది ఏ వాక్యానికి అడ్డం పడతాదో పట్టుకోని అబ్జెక్షన్ అనాల. చదవడమే ఆట అన్నమాట. రాసినోడు ఒక్క మాట అటూ ఇటూ వేసినా కేసు మొత్తం కూలిపోతాది, ఆ కష్టం గురించి రాయి.

ఒకసారి చిత్తూరు కోర్టుకి పోయి వెనక బెంచీలో కూర్చోని క్రాస్ ఎగ్జామినేషన్ వినిరా. సినిమాల్లో మాదిరి అరుపులేం ఉండవు, పొద్దంతా వాయిదాలకే పోయినా పోతాది. గేమ్‌లో కేసు మూడ్రోజుల్లో తేలిపోవాలని రూలు, మన కాడ భూమి తగాదా తాత వేస్తే మనవడు తిరగతా ఉంటాడు, ఈ తేడా చెప్పినావంటే గేమ్ ఆడనోడు కూడా నవ్వుకుంటా చదువుతాడు.

అండర్‌రేటెడ్ అన్నావు గదా, సాక్ష్యం చూపించు మరి. 2015లో, 2017లో అదే వరసలోని గ్రేట్ ఏస్ అటార్నీ రెండు భాగాలు జపాన్‌లో వస్తే ఇంగ్లీషులో ఆడాలనుకున్నోళ్ళు 2021 దాకా కాచుకోని ఉండాల్సొచ్చింది. ఈ ఒక్కటి పెడితే ఆ మాట నువ్వు అనక్కర్లేదు.

ఆయన ఇంకో గేమ్ ఘోస్ట్ ట్రిక్ మీద నువ్వు రాసింది మాత్రం బాగుంది, ముట్టుకోవద్దు. చచ్చిపోయినోడు ఇంకొకరి చావుకి నాలుగు నిమిషాలు వెనక్కిపోయి, చిన్న చిన్న వస్తువుల్ని కదిలించి దాన్ని ఆపడం, అదీ ఒక్క రాత్రిలోనే, భలే చెప్పినావు. కాకపోతే అందులో మిస్సైల్ అనే పొమేరియన్ కుక్క ఉండాది గదా, టకుమి ఇంట్లో పెంచుకున్న పొమేరియన్ పేరు కూడా అదే, దాన్నెందుకు వదిలేసినావు? పెట్టు. ఈసారి పేజీలకి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపొద్దు, నా కండ్లకి ఆనవు, ప్రింటు తీసుకోని సాయంత్రం పూట ఇంటికే రా.