పాత మిల్లు గోదాంలో రెండు హీటర్లు పెట్టినా చలి ఎందుకు తగ్గట్లేదు?

మిర్యాలగూడలో పాత రైస్ మిల్లు గోదాంని ట్యూషన్ హాలు చేశాం, రెండు బ్లోయర్ హీటర్లు పెట్టినా డిసెంబర్ పొద్దున పిల్లలు వణుకుతున్నారు అన్నారు. హీటర్ల తప్పేం లేదు. వేడిగాలి తేలిక, పైకే పోతుంది. మీది 20 అడుగుల ఎత్తు రేకుల కప్పు. వేడంతా అక్కడికి చేరి రేకుల్లోంచి బయటికి పోతుంది. నిచ్చెనెక్కితే పైన గోరువెచ్చగా ఉంటుంది, కింద బండల మీద కాళ్లు మాత్రం జివ్వుమంటాయి.

గాలిని వదిలేసి మనుషుల్ని వేడిచేయండి. ఎర్రగా కాలే రాడ్ల హీటర్ వేడి ఎండలాగా నేరుగా ఒంటికి తగులుతుంది. పిల్లల్ని ఒక మూలకు చేర్చి, కింద జంపఖానా పరవండి, తలుపు దగ్గర పరదా కట్టండి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే ఇంకా మంచిదే, కానీ మన దగ్గర నెలన్నర చలికి అంత ఖర్చెందుకు?

2000 వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు కాలుస్తుంది, దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దే వద్దు, మా ఇంట్లో ఒకటి కరిగి నల్లబడింది.