సెటిల్‌మెంట్ రెండుసార్లు పడింది, ఖర్చయిపోయింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. పాత కంపెనీ ఫైనల్ సెటిల్‌మెంట్ (ఉద్యోగం మానేశాక ఇచ్చే చివరి లెక్క) రూ.2,14,000 పొరపాటున రెండుసార్లు వేసింది. కార్డు బాకీలకు, ఊళ్లో ఇంటి మరమ్మతుకు వాడేశాను. మూడు నెలలకు తిరిగి కట్టమని మెయిల్ పెట్టారు. తప్పు వాళ్లదే కదా, కట్టాలా? లోన్ యాప్‌లో తీసుకోమంటారా? జీతం 92,000, ఖర్చు 60,000, చేతిలో 41,000.

జవాబు: కట్టాల్సిందే. పొరపాటు ఎవరిదని చట్టం చూడదు, ఆ సొమ్ము ఎవరికి చెందుతుందనే చూస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్‌లో ఉదాహరణే ఉంది: ఇద్దరు కలిసి తీర్చాల్సిన 100 రూపాయల బాకీని ఒకరు కట్టేశారు, అది తెలియక రెండోవారూ కట్టారు. తీసుకున్నవాడు ఆ రెండో వంద వెనక్కివ్వాలి. మీ కేసుకూ ఇదే సూత్రం. నమ్మి ఖర్చు పెట్టేసినవాడికి ఇంగ్లండ్‌లో 1991 నాటి లిప్కిన్ గోర్మన్ తీర్పు కొంత రక్షణ ఇచ్చింది. కానీ ఒకే మొత్తం రెండుసార్లు పడటం చూసీ వాడుకున్నవాడికి అది పనికిరాదు. మూడేళ్లు తప్పించుకు తిరిగితే సరిపోతుందనీ అనుకోకండి. దావా వేయడానికి ఉన్న ఆ మూడేళ్ల గడువు పొరపాటు బయటపడినప్పటి నుంచి లెక్క.

లోన్ యాప్ జోలికి వెళ్లొద్దు, దయచేసి. కార్డు మీద నగదు తీయడం ఇంకా ఘోరం: తీసిన రోజు నుంచే వడ్డీ, చాలా కార్డులకు నెలకు 3 శాతం పైనే. వడ్డీ లేని బాకీ తీర్చడానికి వడ్డీకి అప్పు తెస్తారా?

పది వాయిదాలు, నెలకు రూ.21,400 చొప్పున కడతానని ఈ వారమే మెయిల్ పెట్టండి. చేతికందిన నికర మొత్తానికే ఒప్పుకోండి, అదనంగా కోసిన టీడీఎస్‌ను (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కంపెనీయే సరిచేసుకోవాలి. డబ్బు కంపెనీ ఖాతాకే వేయండి, ఏ ఉద్యోగి యూపీఐకీ వద్దు. వాయిదాలకు ససేమిరా అంటే బ్యాంకులో బంగారం తాకట్టు. పీఎఫ్ ముట్టుకోకండి.

అసలు లోటు వేరే ఉంది. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3,60,000, మీ దగ్గర పక్కన ఉండి ఉంటే ఇంటి మరమ్మతుకు ఈ డబ్బు తాకాల్సిన పనే ఉండేది కాదు. చాలామంది అకస్మాత్తుగా పడిన డబ్బునే అత్యవసర నిధి అనుకుంటున్నారు, అందుకే ఇంతగా చెప్తున్నాను. ఆ 41,000 కదపకండి. వాయిదా పోగా మిగిలే 10,600 ప్రతి నెలా దానికే చేర్చండి. పది నెలలకు 1,47,000 అవుతుంది. ఆ తర్వాత నెలకు 32,000 చొప్పున వేస్తే ఏడు నెలల్లో నిధి నిండుతుంది. అప్పటిదాకా కొత్త సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడులు) వద్దు. చివరి వాయిదా కట్టగానే బాకీ లేదని కంపెనీ నుంచి లేఖ తీసుకోండి, జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే ఫారం 16లో జీతం ఒక్కసారే చూపించారో లేదో చూసుకోండి.