పాత బ్రౌజర్లలో పరీక్ష గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో ఒక కాలేజీవారి ప్రవేశ దరఖాస్తుల వెబ్‌సైటును పరీక్షించే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా గర్వపడ్డాను. ఆ వెంటనే మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ల నుంచి ఇంట్లోవాళ్ల పాత ఫోన్లలో ఆ ఫారం నింపబోయే పిల్లలు గుర్తొచ్చి, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

కొత్త క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీలలో చూడాలని నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే మద్దతు ఆపేసింది కనుక, కాలేజీవారు అడిగితే తప్ప దాని మీద రోజులు ఖర్చుచేయకు. నెట్ సెంటర్లను మాత్రం మరిచిపోవద్దు: విండోస్ 7 ఉన్న కంప్యూటర్లలో క్రోమ్ 109 దాటి రాదు. ఆండ్రాయిడ్ 5 ఫోన్లలో 95తోనే ఆగిపోయింది. ఫోనులో జాగా లేక అదీ వేసుకోనివాళ్లు ఉంటారు.

ఇక నన్ను అన్నిటికన్నా భయపెట్టే సంగతి. నేను విశాఖపట్నంలో పనిచేసే రోజుల్లో ఒక సంస్థ దరఖాస్తు ఫారం విషయంలో జరిగిన పొరపాటు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పరీక్షించినవారు ఆఫీసు కంప్యూటరులో పేజీని ఫోను సైజుకు కుదించి, బ్రౌజర్ చూపే ఫోన్ల జాబితాలో ఒక పాత ఫోను పేరు ఎంచుకుని, అంతా బాగుందని రాసి ఇచ్చేశారు. అలా చేస్తే తెర కొలతా, బ్రౌజర్ తన గురించి చెప్పుకునే పేరూ మారతాయి గాని, లోపల పేజీని చదివి నడిపే ఇంజను ఆ కంప్యూటరులోని కొత్త క్రోమ్‌దే. నిజమైన పాత ఫోన్లలో ఫారం చక్కగా తెరుచుకుంది, పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపనిచ్చింది, చివర ‘సమర్పించు’ నొక్కితే మాత్రం ఏమీ జరగలేదు. పేజీ చేత పనులు చేయించే జావాస్క్రిప్టు కోడులో ఒకచోట ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టే కొత్త రాత వాడారు. 2020లో వచ్చిన క్రోమ్ 80కి ముందు వెర్షన్లకు అది తెలియదు. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో తెలియని మాట ఎదురైతే బ్రౌజర్ దాన్ని మాత్రమే వదిలేసి ముందుకు పోతుంది. జావాస్క్రిప్టులో అర్థంకాని గుర్తు ఒక్కటున్నా ఆ ఫైలు మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది, తెర మీద ఒక్క మాటా చెప్పదు. పిల్లలు సిగ్నల్ లేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కారు. గడువు దాటాక ఫోన్లు రావడం మొదలైతే గాని సంగతి బయటపడలేదు. వాళ్లలో ఒక అమ్మాయి, తనకే నింపడం చేతకాలేదని మాకు క్షమాపణ చెప్పింది.

నీకు చిన్నప్పటి నుంచీ తొందర ఎక్కువ. లెక్క సగం చేసి జవాబు రాసేసేదానివి. ఈ పనిలో అది కుదరదు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, లెక్క తప్పిందని తెలిస్తే రాత్రంతా కూర్చుని మళ్లీ చేసినదానివీ నువ్వే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏడు రోడ్ల జంక్షన్ వైపు వాకబు చేసి రెండు మూడు పాత ఫోన్లు సంపాదించు. ప్రతిదానిలోనూ మొదటి గడి నుంచి రసీదు వచ్చేవరకు నింపు. జావాస్క్రిప్టు ఆపేసి కూడా ఒకసారి నింపు, ఎందుకంటే పేజీని కట్టే మూల భాష హెచ్‌టీఎంఎల్‌లో రాసిన మామూలు ఫారం స్క్రిప్టు సాయం లేకుండానే వెళ్లగలదు. వెళ్లకపోతే తయారుచేసినవారిని గట్టిగా అడుగు. పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా కోడును మార్చి ఇచ్చే బాబెల్ వంటి సాధనాలు వాళ్లకు తెలిసినవే. పేర్లు తెలుగులో, ఒత్తులతో, ‘జ్ఞ’ వంటి అక్షరాలతో టైపు చేసి చూడు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చింది.

చివరి తేదీకి ముందు వారం రోజులు సైటులో ఏ మార్పూ చేయబోమని కాలేజీవారి చేత ఇప్పుడే కాగితం మీద రాయించుకో. ఫారం సిద్ధం కాగానే లింకు నాకూ పంపు, నా పాత ఫోనులో నేనూ నింపి చూస్తాను.

మీ మావయ్య,
విజయనగరం