చెవి వెనక ఇంప్లాంట్ పెట్టారు, ఇంకా వినపడదేం?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి ఏళ్ల తరబడి చెవిలోంచి చీము కారుతుండటంతో మామూలు హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవడం కుదరలేదు. చెవి వెనక ఎముకలో ఇంప్లాంట్ పెట్టించుకుని పన్నెండు రోజులైంది. కట్టు విప్పేశారు, కుట్లు తీసేశారు, కానీ వినికిడిలో కొంచెం కూడా తేడా లేదు. పైగా ఆ చుట్టూ మొద్దుబారినట్టు ఉందంటున్నారు. ఆపరేషన్ ఫెయిలైందేమోనని రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. తలస్నానం చేయొచ్చా అన్నది ఇంకో అనుమానం.

జవాబు: ఫెయిలవడం కాదండీ, వినడం అనే పని ఇంకా మొదలే కాలేదు. ఆయన ఎముకలో ఉన్నది 3, 4 మిల్లీమీటర్ల టైటానియం స్క్రూ, దానికి బిగించి చర్మం బయటికి వచ్చిన చిన్న పోస్ట్. దాన్నే ఆస్పత్రిలో అబట్‌మెంట్ అంటారు. వినిపించేది ఆ పోస్ట్‌కి తగిలించే ప్రాసెసర్. బయటి శబ్దాన్ని అది కంపనంగా మారుస్తుంది, ఆ కంపనం స్క్రూలోంచి పుర్రె ఎముకలోకి, అక్కణ్నుంచి నేరుగా లోపలి చెవికి చేరుతుంది. చీము కారే ఆ దారితో దీనికి పనే లేదు, మీ వారికి ఇది ఎంచుకున్నదీ అందుకే.

మరి ప్రాసెసర్ ఆరోజే ఎందుకు ఇవ్వలేదంటే, స్క్రూ చుట్టూ ఎముక పెరిగి దాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఎముక టైటానియంని ఇలా తనలో కలిపేసుకుంటుందని స్వీడన్‌కి చెందిన బ్రోనెమార్క్ అనే డాక్టర్ కనిపెట్టాడు, ముందు పళ్లకి వాడారు, 1977లో అక్కడి గోథెన్‌బర్గ్‌లోనే వినికిడి కోసం చెవి వెనక పెట్టారు. అప్పట్లో పెద్దవాళ్లయినా మూడు నెలలు ఆగేవారు. ఇప్పటి స్క్రూలతో చాలామందికి కొన్ని వారాలే సరిపోతున్నాయి, కానీ మీ వారి తేదీ మాత్రం ఆయన ఎముకని చూసిన సర్జనే చెప్పాలి. వేరేవాళ్లకి మూడు వారాలకే పెట్టారని విని తొందరపెట్టకండి.

మొద్దుబారడం మామూలే, కోత పెట్టినచోట చర్మంలోని సన్నటి నరాలు దెబ్బతింటాయి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కొందరికి కాస్త మేర అలాగే ఉండిపోతుంది కూడా. నాకు భయం వేసేది ఆ తిమ్మిరి గురించి కాదు, అక్కడ హెయిర్ డ్రయ్యర్ పెడితే చర్మం కాలినా తెలియదు, అదీ సంగతి. జుట్టు గాలికే ఆరనివ్వండి, కొన్నాళ్లు అటువైపు తిరిగి పడుకోవద్దు.

తలస్నానం గాయం పూర్తిగా మూసుకున్నాకే, సర్జన్ సరే అన్నాకే. ఘాటులేని షాంపూతో, వేలి కొసలతో మెల్లగా. పక్కులు ఉంటే గోటితో లాగకండి, తడికి నాని వాటంతటవే వస్తాయి. జ్వరం, చీము, ఆగని రక్తం, తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరిగే నొప్పి, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాపకి ఇంప్లాంట్ పెట్టి ఎనిమిది నెలలు. మొదట్లో బాగానే ఉంది, ఈమధ్య పోస్ట్ చుట్టూ ఎర్రబడి తడితడిగా ఉంటోంది. నేను రోజూ స్పిరిట్‌తో తుడుస్తున్నా తగ్గట్లేదు.

జవాబు: ముందు ఆ స్పిరిట్ ఆపండి. శుభ్రం చేస్తున్నాననుకుని చర్మాన్ని ఎండగట్టి ఇంకా రేపుతున్నారు, తల్లులు ఎంతో శ్రద్ధగా చేసే పొరపాటు ఇది. గోరువెచ్చటి నీళ్లు, ఘాటులేని సబ్బు, ఆస్పత్రిలో ఇచ్చిన మెత్తటి బ్రష్ చాలు. పోస్ట్ చుట్టూతా, ముఖ్యంగా మీకు కనిపించని కిందివైపు కూడా తిప్పండి. అక్కడ వెంట్రుక ఏదైనా చుట్టుకుని ఉందేమో మంచి వెలుతురులో చూడండి, ఎంత మందులేసినా తగ్గని ఎరుపుకి ఒక్కోసారి కారణం ఆ ఒక్క వెంట్రుకే.

ఈ చర్మాన్ని హోల్గర్స్ స్కేల్ అని 0 నుంచి 4 దాకా కొలుస్తారు. కాస్త ఎరుపైతే 1, ఎరుపుతో పాటు తడి ఉంటే 2, కండ పెరిగితే 3, ఇంప్లాంట్ తీసేయాల్సినంత ఇన్‌ఫెక్షన్ అయితే 4. మీరు రాసినదాన్ని బట్టి పాప 2 దగ్గర ఉన్నట్టుంది, చూడకుండా ఖాయంగా చెప్పలేను కాబట్టి ఈ వారమే చూపించండి. ఆయింట్‌మెంట్ వాళ్లు రాసిందే వాడండి, ఇంట్లో మిగిలిపోయిన ట్యూబ్ కాదు. పోస్ట్ వదులైందేమో కూడా వాళ్లే చూస్తారు, వదులైతే వాళ్ల పనిముట్టుతో బిగిస్తారు, మీరు వేళ్లతో తిప్పి చూడొద్దు. పిల్లలు ఎదిగేకొద్దీ చర్మం మందమై పోస్ట్ మీదికి పాకుతుంది, అప్పుడు ఇంకాస్త పొడవు పోస్ట్ మార్చాల్సి రావచ్చు, అది పెద్ద గండమేం కాదు.

ఇంకోమాట, ప్రాసెసర్‌ని తిన్నగా పీకకండి, అంచు పట్టుకుని పక్కకి వంచితే ఊడొస్తుంది. ఆటల్లో పడిపోకుండా దానితో వచ్చే తాడుని బట్టలకి క్లిప్ చేయండి. పడుకునేటప్పుడు, స్నానానికి ముందు తీసేయాలి. ఆ బటన్ బ్యాటరీలు చిన్నపిల్లల చేతికి అందనీయకండి, మింగితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: నాది పోస్ట్ లేని రకం, చర్మం కింద మాగ్నెట్. సాయంత్రానికి ఆ చోటు ఎర్రబడి నొప్పెడుతోంది. మోకాలికి ఎంఆర్‌ఐ రాశారు, తీయించుకోవచ్చా?

జవాబు: ప్రాసెసర్‌ని చర్మం మీద పట్టి ఉంచే బయటి మాగ్నెట్ బలం మీ చర్మానికి ఎక్కువైంది. తక్కువ బలం ఉన్నవి ఉంటాయి, మార్పించుకోండి, మధ్యమధ్యలో కాసేపు తీసి పెట్టండి. నొప్పి ఆగకపోయినా, పొక్కు వచ్చినా పూర్తిగా తీసేసి చూపించుకోవాలి. ఎంఆర్‌ఐ సంగతి మోడల్‌ని బట్టి. మోకాలికే కదా అనుకోవద్దు, ఆ యంత్రమే ఒక పెద్ద మాగ్నెట్, గదిలో అడుగుపెట్టకముందే ఇంప్లాంట్ కార్డు చూపించండి, ప్రాసెసర్ బయటే వదలండి. ఇక ముందు వేరే ఏ ఆపరేషన్ అయినా ఇంప్లాంట్ ఉందని సర్జన్‌కి చెప్పాలి, రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరాల్లో కొన్నింటిని దీని దగ్గర వాడకూడదు.

ప్రశ్న: ప్రాసెసర్ పెట్టాక బాగా వినపడుతోంది కానీ టోపీ పెట్టగానే కుయ్యిమని ఒకటే మోత. పాడైపోయిందా?

జవాబు: లేదు, టోపీ దానికి తగులుతోంది, అంతే. వదులు టోపీ చూసుకోండి.